బొడ్డు మానని చేపలు

బడి సంచీ భుజాన ఉండగానే మిరేయా రేవుకి పరిగెత్తింది.

"నాన్నా! మడ చెట్ల వెనక మడుగులో సొరచేప పిల్లలు! నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు!"

నాన్న ఫిదెన్సియో వల మూడు రోజులుగా ఖాళీగా వస్తోంది. ఆ మాట వినగానే ఆయన చెప్పులు కూడా వేసుకోలేదు. పక్క పడవల వాళ్ళూ వెంటపడ్డారు.

సాయంత్రానికి నాలుగు తొట్లు నిండాయి.

"నీ కూతురివి కళ్ళా, దుర్భిణులా?" అన్నారు అందరూ. మిరేయా మెడ జానెడు పొడుగు సాగింది.

ఇంట్లో అమ్మ ఒళ్ళో పదిహేను రోజుల తమ్ముడు ఉన్నాడు, పేరు బెనీతో. అందుకని చేపలు కడిగే పని మిరేయాకి పడింది. ఒక పిల్ల సొరని వెల్లకిలా తిప్పింది. గొంతు కింద చిన్న గాటు కనిపించింది.

"తాతయ్యా, దీనికి దెబ్బ తగిలింది."

తాతయ్య వంగి చూశాడు. "దెబ్బ కాదే. బొడ్డు. ఇంకా మానలేదు."

మిరేయా ఇంకోదాన్ని తిప్పింది. ఇంకోదాన్ని. అన్నిటికీ ఉంది. మొన్ననే బొడ్డు ఊడిన తమ్ముడు లోపల కేరుమన్నాడు.

"పెద్దయితే ఇవి మనుషుల్ని కరుస్తాయిగా?" అంది, అవునంటే బాగుండునన్నట్టు.

"అరవై ఏళ్ళు సముద్రంలో తిరిగాను. నన్ను కరిచింది ఒక్కటే, మీ నాయనమ్మ పెంచిన కోడిపుంజు."

"మరి వీటి అమ్మలు ఏవి?"

"ఒకప్పుడు పడవంతేసి ఉండేవి. కాన్పుకి ఈ మడుగులకే వచ్చేవి. పెద్దవాటిని మేం తినేశాం. పిల్లల్ని మీరు తింటున్నారు."

ఆ రాత్రి మొక్కజొన్న రొట్టెల మధ్య సొర పొరటు పెట్టి, పైన టొమాటో పులుసు పోసింది అమ్మ. అది మిరేయాకి ప్రాణం. ఆ రాత్రి మాత్రం పళ్ళెం పక్కకి జరిపేసింది.

తర్వాత రోజూ బడి కాగానే మడుగుకి వెళ్ళింది. పీతలు తప్ప ఏమీ లేవు. ఆ చోటు చూపించింది తనే. ఎవరైనా తిట్టినా బాగుండేది.

ఏడాది గడిచి మళ్ళీ అదే నెల వచ్చింది. ఆ మడుగులోకి ఒక్క సొర కూడా రాలేదు. దూరంగా ఇంకో నీటి పాయలో మాత్రం మిరేయాకి మూడు కనిపించాయి.

ఆ వారమూ నాన్న వల ఖాళీయే. పడవ ఎక్కబోతూ అడిగాడు.

"అమ్మడూ, ఎక్కడైనా కనిపించాయా?"

లేవని చెప్పేస్తే సరిపోయేది. కానీ నాన్నకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"కనిపించాయి. మూడు."

"ఎక్కడ?"

"చెప్పను నాన్నా. వాటికింకా బొడ్డు మాని ఉండదు."

"చెప్పవా? మరి రాత్రికి ఏం తింటావ్?"

"చిక్కుడు గింజలు."

"రేపు?"

"చిక్కుడు గింజలే."

నాన్న ముఖం ఎర్రబడింది. ఇసుకలో తమ్ముడు తప్పటడుగులు వేస్తున్నాడు. చొక్కా పైకి లేచి గుండ్రటి బొడ్డు కనిపిస్తోంది. మిరేయా వాడినే చూస్తోంది. నాన్న కూడా చూశాడు.

ఎక్కి కూర్చున్నాడు. పడవని పాయల వైపు కాక నడి సముద్రం వైపు తిప్పాడు.

చీకటి పడ్డాక నాలుగు బక్క జెల్ల చేపలతో తిరిగొచ్చాడు. ఈసారి ఎవరూ మిరేయాని మెచ్చుకోలేదు. అమ్మ గిన్నె నిండా చిక్కుడు గింజలు ఉడికించింది. ఉప్పు కాస్త తక్కువైంది.

చిక్కుడు గింజలంటే ముఖం తిప్పుకునే తాతయ్య రెండోసారి వడ్డించుకున్నాడు.