ఊయ్ గారి సూది తప్పిందా?

చువా సియోక్‌హున్ డిటెక్టివ్ ఆఫీసు ష్యామెన్ రేవు వెనకాల, ఎండుచేపల కొట్టు మేడమీద ఉండేది. వచ్చేవాళ్లంతా ముక్కు మూసుకునే మెట్లెక్కేవారు. ఆ ఉదయం వచ్చిన సూఖిమ్ అనే అమ్మాయి మాత్రం ముక్కు సంగతే మరిచిపోయి వచ్చింది.

"రేపు మధ్యాహ్నం మా నాన్న దిక్సూచిని ఓడల సంఘంవాళ్లు పగలగొట్టేస్తారండీ," అంది కూర్చోకుండానే.

అసిస్టెంటు కెంగ్ నోట్‌బుక్ తెరిచాడు. తన గురువుగారు ఎంత చిక్కుముడైనా విప్పేస్తారని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం గురువుగారికే కాస్త ఇబ్బందిగా ఉండేది.

అమ్మాయి తండ్రి ఊయ్ తెన్‌సియోంగ్ నలభై ఏళ్లుగా తెరచాప ఓడ మీద దిక్సూచి చూసే మనిషి. పోయిన వారం పొగమంచులో, ఆయన చెప్పిన దిక్కున పోతూనే ఓడ ఒడ్డు పక్క రాళ్ల మీదికెక్కింది. ఒక నావికుడికి కాలు విరిగింది. తప్పు ఊయ్‌దేనని తేల్చిన ఓడల సంఘం, శిక్షగా ఆయన దిక్సూచి పగలగొట్టాలంది. దిక్సూచి పగిలిన మనిషిని మళ్లీ ఏ ఓడా ఎక్కించుకోదు, రేవులో ఎవరూ ముఖం చూడరు.

"తాగుతారా?" అన్నాడు చువా.

"పండక్కి కూడా ముట్టరు."

"చూపు?"

"చీమ కాళ్లు లెక్కపెడతారు."

ముగ్గురూ ఇంటికి వెళ్లేసరికి ఊయ్ దిక్సూచి గిన్నెలో నీళ్లు పోసి, అయస్కాంతపు రాయితో రుద్దిన సూదిని బెండుముక్కకు గుచ్చి తేలుస్తున్నాడు. గిన్నె అంచు చుట్టూ ఇరవై నాలుగు దిక్కులు చెక్కి ఉన్నాయి. సూది కాసేపు తిరిగి ఉత్తర దక్షిణాలకు సర్దుకుంది. వాకిట్లో బట్టలు కుడుతున్న ఆయన భార్య బిన్‌న్యో, కత్తెర కిటికీ మీద పెట్టి, టీ తీసుకుని లోపలికి వచ్చింది. గోడకు ఇద్దరు కొడుకుల పేర్లు రాసిన స్మారక ఫలకాలున్నాయి. ఇద్దర్నీ సముద్రమే తీసుకుంది.

"ఇది ఎందుకు అటే చూస్తుంది తాతగారూ?" అడిగాడు కెంగ్.

"భూమే పెద్ద అయస్కాంతమని బళ్లో చెబుతున్నారుగా. అది తెలియకుండానే మా తాత మనీలా పోయొచ్చాడు. దిక్కు సూది చెబుతుంది, దూరం అగరొత్తి చెబుతుంది. ఈ దిక్కున మూడు వత్తులు కాలేదాకా పో, ఆ తర్వాత ఇంత తిప్పు. అంతే విద్య." ఆయన సూది తీసి తుడుచుకున్నాడు. "నేను తిప్పమన్నచోటే తిప్పారయ్యా. రాళ్లెక్కడినుంచి వచ్చాయో నాకు తెలీదు."

ఊయ్ దిక్సూచి తీసుకుని చువా, కెంగ్ వెళ్లేసరికి ఓడ రేవు బురదలో ఒరిగి ఉంది. చుక్కాని పట్టే కాంగ్, నడుముకున్న చాకు బయట పెట్టి, వాళ్లను దిక్సూచి ఉంచే సూది గదిలోకి తీసుకెళ్లాడు. ఊయ్ తర్వాత ఆ పని తనదేనని అతను అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు. దిక్సూచిని దాని చోట పెట్టి, ఎదురుగా కొండ మీది గోపురం ఏ దిక్కున ఉందో చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశారుగా. సూది బాగానే ఉంది. చెడింది ముసలాయన బుర్ర," అన్నాడు కాంగ్.

ఇది వీడి పనేనని కెంగ్ రాసుకున్నాడు. చువా మాత్రం దిక్సూచికి ఎడమ పక్క చెక్కమీద పడిన గుండ్రటి మచ్చను చూస్తున్నాడు.

"ఇక్కడ ఏముండేది?"

"ధూపపాత్ర. కొత్తది. ఎవరో మొక్కుకుని, పేరు చెప్పకుండా సముద్రాన్ని కాచే మాజు తల్లి గుడిలో ఇచ్చారట. పోయినసారే ఎక్కించాం. అగరొత్తుల లెక్క చూసుకోవాలిగా, సూది పక్కనే ఉండాలి."

"ఇప్పుడేదీ?"

"రేవుకొస్తే బూడిద మార్చడానికి గుడికే పంపుతాం. అందరూ చేసేదేగా."

గుడిలో ఆ పాత్ర పసుపు గుడ్డలో చుట్టి ఉంది. చూడ్డానికి కంచు పాత్ర, గుడ్డకు చిలుము పచ్చగా అంటాలి. కానీ ఎర్రటి మరకలున్నాయి. చువా బూడిదలో వేళ్లు పెట్టి, అడుగునుంచి ఒక చిన్న ఎర్రగుడ్డ మూట తీసి విప్పాడు. ఆయన ముఖం వాడిపోయింది. కెంగ్ తొంగిచూసేలోపే మూట మళ్లీ కట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం గుడి ముందర సంఘంవాళ్లూ, ఊయ్ ఇంటివాళ్లూ అందరూ చేరారు. ఓడ యజమాని తాన్ చేతిలో సుత్తి ఉంది.

"కొట్టేముందు ఒక్క నిమిషం," అన్నాడు చువా. సూది ఉత్తరం చూపించాక ధూపపాత్రను తెచ్చి ఎడమ పక్కన, ఓడలో ఉన్నంత దూరంలోనే పెట్టాడు. సూది ఎవరో పిలిచినట్టు నెమ్మదిగా ఎడమకు తిరిగింది. అందరూ ముందుకు వంగారు. చువా గోటితో గీరితే కంచురంగు పూత ఊడి, నల్లటి ఇనుము బయటపడింది.

"ఇదే ఉత్తరమనుకుని నడిపితే ఓడ కూడా ఎడమకే పోతుంది. మన తీరం వెంట ఈశాన్యంగా పోయే ఓడకు ఎడమన ఉండేది ఒడ్డు. రేవులో పరీక్షించినప్పుడు పాత్ర గుడిలో ఉంది కనక సూది నిజమే చెప్పింది. అమ్మవారికి ఇనుము ఇచ్చేవాళ్లుంటారని ఊయ్ గారికే కాదు, ఎవరికీ తట్టదు."

"నువ్వేరా దీన్ని ఓడకు మోసుకొచ్చింది," అంటూ తాన్, కాంగ్ మీదికి లేచాడు.

"మోసింది నేనే. ఓడతో పాటు నేనూ మునుగుతానా?"

"అతను కాదు," అన్నాడు చువా. "ఇచ్చిన మనిషికి ఇనుము సూదినేం చేస్తుందో తెలుసు. ఇంట్లో కూడా సూది ఉన్న గదిలోకి కత్తెర తీసుకురాదు. కొత్త పాత్రలో బూడిదకింద మొక్కు మూట పెట్టడం మన ఆచారం. ఇందులో ఉన్నవి ఆయుష్షు కోసం చంటిపిల్లల మెడలో కట్టే వెండి తాళాలు. రెండు. వాటి మీద చెక్కిన పేర్లు నేను చదవను."

బిన్‌న్యో లేచి నిలబడింది. సూఖిమ్ తల్లి చెయ్యి పట్టుకుంది.

"నేనే," అందామె. "ఇద్దర్ని సముద్రానికిచ్చాను. ఈయన్ని కూడా ఇవ్వలేకపోయాను. కాస్త దారి తప్పుతారు, ఒడ్డు చూసి సర్దుకుంటారు, వయసైపోయిందని దించేస్తారు అనుకున్నా. నాన్నను చూసుకోమనే పిల్లల తాళాలు పెట్టాను. పొగమంచు కమ్ముతుందనుకోలేదు. ఆ అబ్బాయి కాలు నయమయ్యేదాకా వాళ్లింట్లో చాకిరీ నేనే చేస్తాను. ఇంకేం శిక్ష వేస్తారో వెయ్యండి."

కెంగ్ నోట్‌బుక్ మూసేశాడు. గురువుగారు గెలిచిన కేసులో అతనికి ఏడుపు రావడం అదే మొదలు.

తాన్ సుత్తి కింద పెట్టాడు. "ఆమె సంగతి సంఘం తర్వాత చూస్తుంది. మీ మీద మాట లేదు పెద్దాయనా. ఓడ బాగవగానే మీరే రావాలి."

ఊయ్ ఆయనవైపు చూడలేదు. "ఆగిపొమ్మని నన్ను అడగొచ్చుగా?" అన్నాడు భార్యతో.

"అడిగాను. ఏడేళ్లుగా ప్రతి ప్రయాణానికీ అడిగాను. మీరు సూది తుడుచుకుంటూ 'ఊఁ' అనేవారు."

ముసలాయన వెళ్లి గిన్నెలో నీళ్లు పారబోశాడు. తర్వాత, తన పరువు తిరిగి ఇచ్చిన ఆ సంఘమంతా చూస్తుండగానే, దిక్సూచి గిన్నె తెచ్చి కాంగ్ చేతుల్లో పెట్టాడు.

"ఇప్పుడు విన్నానే," అన్నాడు బిన్‌న్యోతో. "పద, ఇంటికి పోదాం."