కాలని చెయ్యి

తెల్లవారేసరికి ముందుగదిలో ఇస్త్రీపెట్టె వేడెక్కింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి పెద్దాయన అక్కడి బల్ల దగ్గరే నిలబడి వీధిలో అందరి చొక్కాలూ చదును చేస్తున్నాడు. వేడి సరిపోయిందో లేదో చూడడానికి ఎడమచేతి వేలు తడిచేసి పెట్టె అడుగున తాకించడం ఆయన అలవాటు. ఏడాదిగా ఆ తడి కూడా అక్కర్లేకుండా పోయింది. అది చెయ్యి కాదు, ఇనుమేనని బట్టలు తెచ్చేవాళ్లు మెచ్చుకుంటుంటే, పక్కన మడతలు పెట్టే భార్యకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ ఉదయం కాలిన వాసన వచ్చింది. ఏ చొక్కా మాడిందోనని ఆమె పరుగున వచ్చింది. బట్టలన్నీ బాగానే ఉన్నాయి. గుడ్డ సవరిస్తున్న ఆయన ఎడమ చిటికెనవేలికి పెట్టె ఆనుకుని ఉంది. ఆయన మాత్రం ఆమెతో తాపీగా కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయలుదేరబోతూ ఆగి, బొబ్బకు మందు రాద్దామని మామగారి చొక్కా చేతిని పైకి మడిచింది. మోచేతి కింద అరచేయంత మచ్చ. అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ పాలిపోయి, చెమటా వెంట్రుకా లేకుండా పొడిబారి ఉంది. మూడు నెలల కిందటే ఆమె దాన్ని చూస్తానంది. తామరేలే అని అత్తగారు ఆ మాట అక్కడితో తుంచేసింది.

కోడలు మోచేతి వెనుక తడిమింది. నరం తాడులా లావుగా తగిలింది. చివరి రెండు వేళ్లు వంగిపోతున్నాయని అప్పటిదాకా ఎవరూ గమనించనే లేదు. ఇది కుష్ఠులా ఉందని, ఈరోజే డాక్టరుకు చూపిద్దామని ఆమె మెల్లగా చెప్పింది.

అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. పెద్దరోగమన్న మాట బయటికి పొక్కితే ఈ గుమ్మంలోకి ఒక్క మూట కూడా రాదంది. కాపురానికొచ్చి రెండేళ్లు కాలేదు, అప్పుడే పెద్దాయన్ను మూలన కూర్చోబెట్టే ఎత్తు వేశావని నోటికొచ్చినట్టు దులిపేసింది.

"నొప్పే లేని మనిషికి రోగమేమిటే?"

"నొప్పి లేకపోవడమే రోగం అత్తయ్యా. నన్ను నమ్మకండి. మీ చేత్తో మీరే చూడండి."

కోడలు దూదిని సన్నగా మెలిపెట్టి అత్తగారి చేతికిచ్చింది. మామగారిని కళ్లు మూసుకుని, తగిలిన చోటల్లా వేలితో చూపించమంది. అత్తగారు ముందు ఆయన కుడిచేతి మీద దూది ఆనించింది, చూపించాడు. మెడ మీద ఆనించింది. చక్కిలిగింతలు పెట్టొద్దని నవ్వాడు. మచ్చ మీద ఆనించింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ ఆనించింది. మూడోసారి ఆనించి దూదిని అక్కడే ఉంచేసింది.

"ఆపేశావేం? కానియ్యి," అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

ఆమె బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.

మధ్యాహ్నానికి డాక్టరూ అదే రోగమని తేల్చారు. ఆరు నెలలు మానకుండా మందు మింగితే పూర్తిగా నయమవుతుందని, కంచమూ మంచమూ వేరు చేయక్కర్లేదని చెప్పారు. వేళ్లకు స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేదు. తొలిరోజుల్లోనే వచ్చి ఉంటే, అని ఆగిపోయారు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు అప్పుడే అడిగావు తల్లీ. నేనే చూడనివ్వలేదు."

కోడలు కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. నొప్పి లేకపోతే అందరూ ఇలాగే మోసపోతారని, ఇకమీదట రోజూ సాయంత్రం మామయ్య చేతులు మీరే పరీక్షగా చూడాలని, దెబ్బ తగిలినా ఆయనకు తెలియదని చెప్పింది.

ఆయన బెంచీ మీద ఇదంతా వింటూ కూర్చున్నాడు. కాసేపటికి భార్యను పక్కకు పిలిచి, వంగిన ఆ రెండు వేళ్లూ ఆమె ముందుకు చాపి, తాను తల అటు తిప్పుకున్నాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

ఆయన ఇటు తిరిగి చూశాడు. చూశాకే నమ్మాడు.