ఉక్కురెక్కకు మందు రాసిన అవ్వ

సర్వపిండికి చిల్లులు పెట్టడంలో ఇంత సంతోషం ఉంటుందని యశస్వినికి పెళ్లయ్యాకే తెలిసింది. గిన్నె అడుగున పరిచిన పిండిలో చూపుడువేలితో ఒక్కో చిల్లు పెట్టాలి, ఒక్కో చిల్లులో చుక్కంత నూనె వేయాలి. ప్రొద్దుటూరు పిల్లకు ఈ వంట మూడు నెలల కిందటిదాకా పేరు కూడా తెలియదు.

"మెల్లగ బిడ్డా, గిన్నెకే బొక్క పెడ్తవా ఏంది?" అంది అత్త కనకలక్ష్మి.

"మీ గిన్నె గట్టిది అత్తా. ఏం కాదులే."

ఆదివారం పొద్దున. హఫీజ్‌పేటలోని ఆ మూడో అంతస్తు ఇంట్లోకి ఎండ అప్పుడే వస్తోంది. హాల్లో సాయిచంద్ గోడకు తెల్ల చార్టు అంటిస్తూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటేనే యశస్వినికి నవ్వొచ్చింది. హైటెక్ సిటీ ఆఫీసులో పదిమంది చేత పని చేయించే మనిషి, బొమ్మల పుస్తకాల వీరులకు మార్కులు వేయడానికి పెళ్లినాటికంటే ఎక్కువ హడావిడి పడుతున్నాడు.

ఏటా ఒక ఆదివారం సాయిచంద్, అతని ఆఫీసు స్నేహితులు శ్యామ్, తేజస్విని ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటారు. చిన్నప్పుడు చదివిన తెలుగు బొమ్మల పుస్తకాల్లోంచి పదిమంది వీరుల్ని, పది గొప్ప సన్నివేశాల్ని ఎంచి వరస పెడతారు. ఆ పట్టికను అభిమానుల గ్రూపులో పెడితే నాలుగు వేలమంది నెలరోజులు కొట్టుకుంటారు. వాళ్లకు ఒకటే నియమం. సన్నివేశం అచ్చయిన పుస్తకంలో ఉండి తీరాలి.

సన్నివేశాల్లో ఏడేళ్లుగా మొదటి స్థానం సాయిచంద్‌దే. 'ఉక్కురెక్క' ఇరవై మూడో సంచిక. యుద్ధంలో అలసిన ఉక్కురెక్క ఒక గుడిసె ముందు దిగి కూర్చుంటాడు. ఎవరో అవ్వ వచ్చి, ఆ ఇనుప రెక్కలకు మందు రాస్తూ అంటుంది: "ఎంత పైకెగిరినా, రెక్కలు నొచ్చినప్పుడు దిగనీకె ఒక గడప ఉండాలె కొడుకా."

పెళ్లిచూపులకని గచ్చిబౌలి కాఫీ షాపులో కలిసిన రోజు సాయిచంద్ తన జీతం గురించి చెప్పలేదు, ఈ సన్నివేశం చెప్పాడు. చెబుతుంటే అతని కళ్లు చెమర్చాయి. యశస్విని ఇంటికెళ్లి వాళ్లమ్మతో, "ఈ అబ్బాయే" అనేసింది.

ఆ సంచిక ఎవరి దగ్గరా లేదు, సాయి మాట మీదే అందరూ నమ్మారు. సాయికి ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసి కళ్లు తెరవలేకపోతే, తల్లి కిరాయికి తెచ్చి, వారం రోజులు చదివి వినిపించి, తిరిగి ఇచ్చేసిన పుస్తకం అది. యశస్విని రెండు నెలలు వెతికింది. చివరికి లింగంపల్లి స్టేషను పక్కన పాత పుస్తకాలమ్మే యాదయ్య దగ్గర దొరికింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగువైపులా టేపు వేసి ఇచ్చాడు. విప్పితే అందం పోతుందని ఆమె అలాగే బియ్యం డబ్బాలో దాచింది. మొగుడి ముఖం తలుచుకుని ఆ డబ్బా మూత రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకునేది.

పది గంటలకల్లా ఇల్లు అంగడయింది.

"నా మాట వినండి," అంది భీమవరం అమ్మాయి తేజస్విని, సర్వపిండి ముక్క గాల్లో ఊపుతూ. "వేగినిని ఐదో స్థానంలో పెట్టడం పాపమండి. రైలుకి ఎదురు పరిగెత్తి, పట్టాల మీదున్న కుక్కపిల్లని తీసింది. ఇంకెవరు తీశారు?"

"కుక్కపిల్లను తీస్తే ఐదే ఎక్కువ," అన్నాడు శ్యామ్. "మా చీకటిదొరను చూడు. కొట్లాటల దొంగోని కండ్లద్దాలు కింద పడ్డయ్. దొర ఏం చేసిండు? ఎతికి, తుడిచి, ఆని ముక్కుకు పెట్టి, అప్పుడు గుద్దిండు. గది మర్యాదంటే!"

"అద్దాల మీదే గుద్దాడా?" అడిగింది తేజస్విని.

"పొట్టల గుద్దిండు తల్లీ. జర చదివి మాట్లాడు."

యశస్విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంత చదువుకుని, ఇంత పెద్దవాళ్లయి, లేని మనుషుల మంచితనం కోసం గొంతు చించుకునే వీళ్లంటే ఆమెకు ముద్దొచ్చింది.

వీరుల వరస తేలి సన్నివేశాల దగ్గరికొచ్చాక ఆమె లోపలికి పరిగెత్తి కవరు తెచ్చి సాయిచంద్ ఒళ్లో పెట్టింది.

"ఏంది ఇది?" అన్నాడు. చూశాడు. కవరును రెండు చేతులా వెలుతురుకెత్తాడు. "యశా... ఇరవై మూడో సంచికనా? ఎక్కడ దొరికింది?"

"ముందు విప్పు, తర్వాత ఏడుద్దువుగానీ!"

అందరూ మీద పడ్డారు. టేపు ఊడింది. సాయిచంద్ ఒక్కొక్కటిగా పేజీలు తిప్పాడు. గుడిసె. గడప. తలవంచి కూర్చున్న ఉక్కురెక్క. రెక్క మీద చెయ్యేసిన అవ్వ. బొమ్మ అచ్చం అతను చెప్పినట్టే ఉంది.

శ్యామ్ అవ్వ పక్కనున్న మాటలు గట్టిగా చదివాడు. "'మూర్ఖుడా! నేను అవ్వను కాను, మంత్రగత్తె కరాళిని! ఈ విషంతో నీ రెక్కలు తుప్పు పట్టిపోతాయి! హహ్హహ్హా!'"

చదివి శ్యామ్ సోఫాలో పడి దొర్లాడు. "విషం రా! ఏడేండ్లు మనం విషం పూసే సీనుకు ఫస్ట్ ర్యాంకు ఇచ్చినం! గడప లేదు, గాడిదగుడ్డు లేదు. మంచిగ కథ అల్లినవ్ రా సాయీ!"

"నేను అల్లలే."

"మరి యాడుంది ఆ మాట? చూపించు."

సాయిచంద్ మొదటి పేజీ నుంచి చివరి దాకా రెండుసార్లు తిరగేశాడు. అతని ముఖం మాడిపోయింది. యశస్వినివైపు తిరిగి, "నిన్నెవరు తెమ్మన్నరు దీన్ని?" అన్నాడు.

పెళ్లయ్యాక అతను ఆమెతో గొంతు పెంచడం అదే మొదటిసారి. నవ్వు ఆమె పెదాల మీదే ఎండిపోయింది.

"ఇది అసలుది కాదు. ఎవడో మార్చి అచ్చేసిండు," అంటూ అతను వంటగదివైపు పిలిచాడు. "అమ్మా! జర ఇటు రా. నాకు నువ్వు చదివిన బుక్కు ఇదేనా? ఈ పేజీ చదివి చెప్పు వీళ్లకు."

కనకలక్ష్మి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పుస్తకం అందుకుంది. బొమ్మను చూడగానే ఆమె కళ్లు ఎవరో చుట్టాన్ని చూసినట్టు మెరిశాయి. వెంటనే ఆరిపోయాయి.

"చదువమ్మా."

"అద్దాలు లేవు బిడ్డా."

"పెట్టుకునే ఉన్నవ్ గదా!"

అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి. ఆమె చెయ్యి వాటిని తడిమి కిందికి జారింది. యశస్విని ఆ చేతినే చూసింది. మందుల అట్టల్ని రంగు చూసి తీసుకునే చెయ్యి. ఫోనులో ముఖం చూసి మాత్రమే నొక్కే వేలు. పెళ్లికార్డు ఏదొచ్చినా, "నువ్వే చదువు బిడ్డా, నీ గొంతు మంచిగుంటది," అని కోడలి చేతికిచ్చే మనిషి. మూడు నెలలుగా యశస్విని దాన్ని తన గొంతుకు మెప్పనుకుని మురిసిపోయింది.

"అత్తా, పొయ్యి మీద పిండి మాడుతోంది, రండి!" అని ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

పొయ్యి ఆపేసే ఉంది. కనకలక్ష్మి ఆరిపోయిన పొయ్యిని చూసింది, కోడల్ని చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెల్సుకున్నవా?"

"సాయికి తెలీదా అత్తా?"

"నేను బడి మొకం చూడలే బిడ్డా. గీ హైటెక్ సిటీల మొదటి బిల్డింగులు లేస్తుంటే ఇటుకలు మోసిన. సంతకం మీ మామ నేర్పిండు, గంతే. వానికి ఒళ్లంత పొక్కులు, కండ్లు తెర్వరాలే. ఒకటే ఏడ్పు. పుస్తకం తెస్తే చదువుమన్నడు. రాదని ఎట్ల చెప్తనే? బొమ్మలు చూసుకుంట చెప్పిన. లేచినంక బడికి పోయి 'మా అమ్మ నాకు బుక్కు చదివింది' అని అందరికీ చెప్పుకున్నడు. గా ముచ్చట చెప్పేటప్పుడు వాని మొకం జూసి, ఇగ నోరు రాలే నాకు. నడిపిచ్చుకుంట వచ్చిన."

యశస్విని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీరు బయటికి రావద్దు. అది వేరే సంచిక అనీ, నేనే తప్పు తెచ్చాననీ చెప్తా. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ."

హాల్లో శ్యామ్, "గట్లయితే మీ అమ్మనే అల్లిందేమో," అని నవ్వాడు. వెంటనే సాయిచంద్ గొంతు వినబడింది. "మా అమ్మ నాతోని ఒక్క అబద్ధం చెప్పలే పుట్టినకాడికెళ్లి! నన్నేమన్నా అను. అమ్మ అల్లిందంటే మాత్రం ఊర్కోను. ముందు లే ఇక్కడికెళ్లి!"

"పోతా తియ్! తమాషాకంటే గింత లొల్లా? ఇగ నీ పట్టిక నువ్వే రాసుకో!" శ్యామ్ చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

కనకలక్ష్మి కోడలి చేతులు విడిపించుకుంది. "నా కోసం దోస్తును ఎల్లగొడ్తున్నడు. రేపు నిన్ను గూడ ఒక మాట అంటడు. వద్దు బిడ్డా."

ఆమె వెళ్లి హాలు మధ్యలో నిలబడింది. పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు కొంగు భుజం మీదుగా కప్పుకుంది.

"కూసో శ్యామూ. తప్పు నాది. సాయీ, నాకు చదువు రాదు బిడ్డా. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. గా మాట పుస్తకంల లేదు. నేనే చెప్పిన."

సాయిచంద్ తల్లివంకే చూస్తూ ఉండిపోయాడు. అతనేం అంటాడోనని యశస్విని అతని ముఖమే చూసింది. ఒక్క ఎగతాళి మాట, ఒక్క చిన్నచూపు ఆ ముఖంలో కనబడితే ఈ మనిషిని మళ్లీ మునుపటిలా చూడలేనని ఆమెకు తెలుసు.

"వారం రోజులు..." అన్నాడు చివరికి. "రోజూ ఒక్క మాట గూడ తప్పకుండ అదే కథ చెప్పినవ్. ఈ మాటలన్నీ నువ్వే రాసినవా అమ్మా?"

"రాయ రాదు అంటున్న గదరా. చెప్పిన."

అతను లేచి వచ్చి తల్లి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆరడుగుల మనిషి అంతగా వంగితే తప్ప ఆమె భుజం అందలేదు. "తెల్వకనే నీ చేతికి అందరి ముంగట పుస్తకం ఇచ్చి చదువుమన్నగదమ్మా," అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. అలా ఏడుస్తూనే ఒక చెయ్యి వెనక్కి చాచి యశస్విని చెయ్యి పట్టుకున్నాడు. దాంట్లో ఉన్న క్షమాపణ ఆమెకు అందింది.

తేజస్విని ముక్కు చీదుకుంటూ, "అయితే మనం ఏడేళ్ల నుంచీ ఓటేసింది మీకేనా అండి ఆంటీ?" అంది.

శ్యామ్ చెప్పులు పక్కకు తోసి కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఇరవయ్యేండ్ల సంది రకరకాల పుస్తకాలు చదివిన అమ్మా. గిట్లాంటి మాట ఒక్కళ్లు రాయలే. నన్ను మాఫ్ చెయ్."

"నువ్వేం జేసినవ్ బిడ్డా? నవ్వొస్తె నవ్వినవ్," అంటూ కనకలక్ష్మి కళ్లు ఒత్తుకుని, బల్ల మీదున్న పుస్తకం తీసి కొడుకు చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు కొంచెం సిగ్గుపడింది. "సాయీ, ఒక్క పని జెయ్. అసలు దీంట్ల ఏం రాసిన్రో నేను ఎన్నడు ఇనలే. జర చదువు."

సాయిచంద్ ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు. యశస్విని వెళ్లి అత్త పక్కన ఒదిగింది. అతను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ప్రతి బొమ్మ కింద వేలు పెట్టి, ఒక్కో మాటా నిదానంగా, గొంతులు మార్చి మార్చి చదివాడు. ఉక్కురెక్క పర్వతం ఎత్తినప్పుడు ఆమె "అబ్బో!" అంది. ఆనకట్ట తెగినప్పుడు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుడిసె బొమ్మ వచ్చింది. అతను ఆగి, తల్లివైపు ఒకసారి చూసి, విషం మాటలు ఉన్నవి ఉన్నట్టే చదివాడు.

కనకలక్ష్మి ముందుకు వంగి బొమ్మను చాలాసేపు పరీక్షగా చూసింది. మూతి విరిచింది.

"ఉత్తదే! విషం పూసేటోళ్లు గంత మెల్లగ రుద్దుతరారా? చెయ్యి జూడు, ఎట్ల పెట్టిందో. గీ బొమ్మ గీసినాయనకు ఎర్కే. రాసినాయనకే ఏం దెల్వదు."

ముగ్గురూ ఆ బొమ్మ మీదికి వంగారు. ఇరవయ్యేళ్లుగా వీరుల బలాలు, వేగాలు, గెలుపులు కొలిచినవాళ్లు మొదటిసారి ఒక ముసలి చేతిని చూశారు. నిజమే. ఆ వేళ్లు రెక్కను నొప్పి పుడుతుందేమోనన్నట్టు తాకుతున్నాయి.

సాయిచంద్ పేజీ తిప్పబోయాడు.

"ఆగరా," అంది కనకలక్ష్మి. "ఇంకోపారి చూడనియ్."