మార్కాపురం క్లిప్పర్

లిఫ్ట్ తలుపు తెరుచుకోకముందే జులేఖాకు తెలిసిపోయింది, కింద తనకోసం ఎవరో నిలబడి ఉన్నారని.

పన్నెండో అంతస్తు నుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు ఇరవై సెకన్లు. ఆమె కుడిచెవి ముత్యాల దిద్దును వేలితో నొక్కి, పెదవులు కదిలీ కదలకుండా ఒకే ముక్క చెప్పింది. "మా అబ్బాకు చెప్పండి, తెరచాప దించమని." దిద్దులోని ట్రాన్స్‌మిటర్ ఆ మాటను సముద్రం దాటించి హైదరాబాద్ చేర్చింది. తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఆకుపచ్చ పట్టుచీరలో, ఆ రేవుపట్నం పార్టీలన్నిటికీ వెలుగుగా తిరిగిన మనిషి లిఫ్ట్‌లోనే ఒరిగిపోయింది. హోటల్ వాళ్ళు ఎక్కువగా బాధపడింది కార్పెట్ గురించి.

మర్నాడు ఉదయం ఏడింటికి చీఫ్ నిత్యానందం తన గదిలో ఏజెంట్ సుందరరాజుకు కుర్చీ చూపించాడు.

"జులేఖా పోయింది. రాత్రి."

ఆమెను సుందరరాజు రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ శత్రువు పక్కన నవ్వుతూ ఉండగానే చూశాడు.

"ఆరేళ్ళు 'హార్బర్' ముఠాలో ఇంటర్‌ప్రెటర్‌గా ఉంటూ మనకు పని చేసింది. డబుల్ ఏజెంట్. ఆ ముఠాలోనే మనకోసం ఏడుగురిని తయారు చేసింది. వాళ్ళెవరో, వాళ్ళ నంబర్లేమిటో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు."

"మీకు కూడా?"

"నాకు కూడా. ఆఫీసులో చెవులెక్కువ అనేది. నిజమే." నిత్యానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈరోజు నాలుగింటికి హార్బర్ వాళ్ళు తమ మనుషులందర్నీ ఒకచోట చేర్చి విచారణ మొదలుపెడతారు. లోపలికెళ్ళిన ఏడుగురూ బయటికి రారు. నాలుగులోపు వాళ్ళకు కబురందాలి. లిస్ట్ కావాలి."

"ఎక్కడుంది?"

"మార్కాపురంలో. మూడు నెలల కింద ఆమె తండ్రి దగ్గరికెళ్ళి మూడు రోజులుంది. తండ్రి జమాలుద్దీన్. ఒకప్పుడు పలకలకు చట్రాలు చేసేవాడు. ఆ పని తగ్గిపోయాక ఓడల మోడల్స్ చేస్తున్నాడు, షోకేస్‌లలో పెట్టుకునేవి. ప్రస్తుతం చేస్తున్నది కట్టీ సార్క్ అనే క్లిప్పర్, పాతకాలం తెరచాప ఓడ. లిస్ట్ దాంట్లోనే ఉంటుంది. మైక్రోచిప్. 'తెరచాప దించమని' అందిగా? తెరచాపలో చూడు."

చీఫ్ అన్నీ విడమరిచి చెప్పినప్పుడల్లా సుందరరాజుకు కాస్త భయమేస్తుంది. "తండ్రికి సంగతి తెలుసా?"

"తెలియదు. తెలియనివ్వకు. ఆమె మన మనిషని ఎవరికీ తెలియకూడదు. నీది కొమరోలు కదా, ఆ యాస నీకొచ్చు. అందుకే నిన్ను పంపుతున్నా."

మెటల్ స్కానర్ ఉన్న ఫౌంటెన్ పెన్ను, శాటిలైట్ ఫోన్, పెట్టుడు మీసం, 'గోపి, ఇంటీరియర్ డెకరేటర్, బెంగళూరు' అన్న విజిటింగ్ కార్డులు. అంతే సరంజామా.

దోర్నాల దాటి మార్కాపురం చేరేసరికి రెండయింది. పలకల ఫ్యాక్టరీల వెనక సందులో జమాలుద్దీన్ దుకాణం. డెబ్భై ఏళ్ళ మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు. పట్టకారుతో మైనం పూసిన దారానికి ముడి వేస్తున్నాడు. ముడి పడేదాకా తలెత్తలేదు.

బల్ల మీద ఓడ. మూడడుగుల పొడవు, మూడు కొయ్యస్తంభాలు, గంజి పెట్టి ఆరేసిన మల్లు గుడ్డ తెరచాపలు. అడుగున గోరంత గోరంత రాగి రేకులు వరుసగా అతికి ఉన్నాయి. నూట యాభై ఏళ్ళ కింద చైనా నుంచి లండన్‌కు టీ ఆకు మోసిన ఓడను, సముద్రాన్ని కొత్తపట్నంలో ఒకే ఒక్కసారి చూసిన మనిషి చేశాడు. సుందరరాజు వచ్చిన పని మర్చిపోయి ఒక నిమిషం అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది మా హోటల్ లాబీకి కావాల చాచా."

"అది అమ్మేది కాదు నాయనా. పక్కన చిన్నవి ఉండాయి, చూడు. అది నా బిడ్డది. పద్నాలుగు నెలలు పట్టింది. ప్లాన్ కాగితాలు తనే పంపినాది."

"బిడ్డ యాడుంటది?"

"పై దేశంలో. షిప్పింగ్ కంపెనీలో పని." ముసలాయన దారం కొరికాడు. "ఊళ్ళో అయితే ఎవురితోనో లేచిపోయిందంటారు. అననీ. నోళ్ళకు చట్రాలు చేసేది నాకు రాదు."

దగ్గర్నుంచి చూసే వంకతో సుందరరాజు పెన్నును తెరచాపల మీదుగా నడిపించాడు. చిప్ తగిలితే మూత దగ్గర చిన్న దీపం వెలగాలి. వెలగలేదు. కొయ్యస్తంభాలు, డెక్కు, చుక్కాని, ఎక్కడా లేదు. రాగి అడుగు దగ్గర మాత్రం రేకు రేకుకూ వెలిగి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

"ఏం వెతుకుతాండావు?"

"పని చూస్తాండా చాచా."

జమాలుద్దీన్ అతని ముఖాన్ని, ముఖ్యంగా నోటిని, పట్టిపట్టి చూశాడు. "నువ్వు నాకేమన్నా చెప్పాల్నా?"

"ఏం చెప్పాల?"

"ఏం లేదులే. నా బిడ్డ పోతా పోతా అనింది. 'అబ్బా, దీని అడుగు ఎవురొచ్చినా తెరవద్దు. నేనే వచ్చి తీసుకుంటా. రాలేకపోతే ఒక మనిషి వచ్చి ఒక మాట చెప్తాడు, ఆయనకియ్యి' అని. రాలేకపోతే అంటే ఏందని నేను అడగలేదు. అడిగితే నిజం చెప్తాదేమోనని భయం. అప్పట్నించీ దుకాణానికి ఎవురొచ్చినా వాళ్ళ నోరే చూస్తా ఉంటా. ఎవురూ ఆ మాట అనలేదు. అల్లా దయ."

సుందరరాజు చేతిలోని పెన్ను జేబులో పెట్టేశాడు. లిఫ్ట్‌లో ఆమె చెప్పింది చిప్ ఎక్కడుందో కాదు. అది కోడ్‌వర్డ్. తను ఆ ముక్క పలికితే ఓడ తెరుచుకుంటుంది, ఏడుగురు బతుకుతారు, ఎదురుగా కూర్చున్న ఈ మనిషికి కూతురు లేకుండా పోతుంది. ఎంతోమందిని తుపాకీతో ఎదుర్కొన్నవాడికి ఆ మాట నాలుక మీదనే ఆగిపోయింది. వాచీ చూసుకున్నాడు. రెండూ నలభై.

"టీ తాగుతావా నాయనా?"

"తాగుతా చాచా."

ఒక్క టీ తాగేంత సేపు ఈయన్ని తండ్రిగా ఉండనిద్దాం అనుకున్నాడు. సర్వీసులో అతడు చేసిన పెద్ద తప్పు అదే, అతడు పశ్చాత్తాపపడని తప్పు కూడా అదే. ముసలాయన స్టవ్ మీద టీ పెట్టి, కూతురు చిన్నప్పుడు చట్రాల పొట్టులో ఎట్లా ఆడుకునేదో, అలిఫ్, బే అంటూ ఉర్దూ అక్షరాలు తనే ఎట్లా పలక మీద దిద్దించాడో చెప్పాడు. మూడు దాటింది.

అప్పుడు వచ్చాడు మూడో మనిషి. తెల్ల చొక్కా, తోలు సంచి, నవ్వు ముఖం.

"సలామ్ చాచా. నా పేరు మొహసిన్. మాది పొదిలి. మా నాయనది పలకల వ్యాపారమే, నేను పలకల మధ్యనే పెరిగినాను. చెన్నై మ్యూజియం వాళ్ళకు పెద్ద ఓడ కావాలంట."

యాస బాగానే నేర్చుకున్నాడు. జమాలుద్దీన్ అలవాటు కొద్దీ పక్కన దొంతరలో పైనున్న పలక తీసి అతని చేతికిచ్చాడు. "మీ నాయన సరుకు ఇట్లుండేదా?"

మొహసిన్ పలకను రెండు వైపులా తిప్పి చూసి, బొటనవేలితో రుద్దాడు. "ఫస్ట్ క్వాలిటీ చాచా."

ఆ ప్రాంతంలో పలక చేతికొస్తే ఎవరూ ముందు కళ్ళతో చూడరు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తడతారు. మంచిదైతే మోగుతుంది. పగులుంటే మూగబోతుంది. బడికెళ్ళని పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ముసలాయన ఆ పలకను సుందరరాజుకు అందించాడు. సుందరరాజు చెవి దగ్గర పెట్టి తట్టాడు. దబ్బుమంది.

"లోపల పగులుండాది చాచా."

"ఉండాది. పొద్దున్నే పక్కన పడేసినా."

మొహసిన్ నవ్వు ఆరిపోయింది. తోలు సంచిలోంచి చేయి బయటికొచ్చేసరికి అందులో పిస్టల్ ఉంది. "ఓడ ఇవ్వు, ముసలోడా." పొదిలి యాస ఎటో పోయింది. జులేఖా ఇక్కడికొచ్చి వెళ్ళిన సంగతి హార్బర్ ముఠా కూడా పసిగట్టిందన్నమాట.

జమాలుద్దీన్ ఓడకు అడ్డంగా నిలబడ్డాడు. "అది నా బిడ్డది."

పిస్టల్ అతని గుండెకు గురి కుదిరింది. సుందరరాజు చేతిలో పగులు పలక అడ్డంగా లేచింది. అంచు మొహసిన్ మణికట్టు మీద పడింది. తూటా ముసలాయన్ని తప్పి ఓడ ముందు కొయ్యస్తంభాన్ని విరిచేసింది. తర్వాత జరిగింది చూడముచ్చటైన పోరాటమేమీ కాదు. బల్ల తిరగబడకుండా ముసలాయన ఓడను ఎత్తి పట్టుకున్నాడు. కిందపడి దొర్లిన ఇద్దరిలో మీసం ఊడిన వాడు లేచాడు, రెండోవాడు స్పృహ తప్పాడు. మైనం దారంతోనే అతని చేతులు బిగించి కట్టాడు సుందరరాజు. వాచీ మూడూ ముప్పై తొమ్మిది చూపిస్తోంది.

"చాచా..."

"చెప్పొద్దు నాయనా."

"చాచా, నేను..."

"రొంతసేపు ఆగి చెప్పు." ముసలాయన అతని పెదవుల వంక చూడకుండా విరిగిన స్తంభాన్ని అతికించబోతున్నట్టు పట్టుకున్నాడు. "ఆగి చెప్పు."

సుందరరాజుకు కళ్ళు నిండిపోయాయి. "ఆగేదానికి లేదు చాచా. నాలుగింటికి ఏడుగుర్ని చంపుతారు. వాళ్ళ పేర్లు తెలిసింది నీ బిడ్డ ఒక్కదానికే. వాళ్ళ కోసరమే ఇది నీ దగ్గర పెట్టినాది." ఊపిరి పీల్చుకున్నాడు. "తెరచాప దించమనింది."

జమాలుద్దీన్ ఏడవలేదు. ఓడను బల్ల మీద పెట్టి, నడిమి స్తంభం మీది పెద్ద తెరచాప దారాలు ఒక్కొక్కటే విప్పి, గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది అవసరం లేని పని. సుందరరాజు వద్దనలేదు. తర్వాత ఓడను బోర్లించి, ఉలితో రాగి రేకులు లేపి, అడుగు చెక్క విప్పాడు. ఓడ ఒరగకుండా బరువు కోసం లోపల అమర్చిన పలక ముక్క బయటికొచ్చింది.

"అన్ని ఓడల్లో ఇట్లే పెడతా. ఇది మాత్రం తనే బోర్లించి పెట్టినాది. తట్టి చూసినా, మోగలేదు. పలక బాగలేదు బేటీ, మారుస్తా అన్నా. వద్దనింది."

పలక నిండా మేకుతో లోతుగా గీసిన గీతలు. అందుకే మోగలేదు, అందుకే పెన్ను పసిగట్టలేదు. చిప్ లేదు, లోహం లేదు. ఉన్నవి ఉర్దూ అక్షరాలు. సుందరరాజుకు ఉర్దూ మాట్లాడటమే తప్ప చదవడం రాదు.

"చదువు చాచా."

అద్దాలు తుడుచుకుని ముసలాయన చదివాడు. తను దిద్దించిన అక్షరాలు. ఒక్కో పేరు, ఒక్కో నంబరు. సుందరరాజు శాటిలైట్ ఫోన్‌లో తిరిగి చెబుతున్నాడు, అవతల నిత్యానందం రాసుకుని వెంటవెంటనే కబురు పంపిస్తున్నాడు. మూడో పేరుకు మూడూ యాభై రెండు. అయిదో పేరు దగ్గర ముసలాయన అద్దాలు మళ్ళీ తుడుచుకున్నాడు. ఏడో నంబరు చివరి అంకె పలికేసరికి మూడూ యాభై ఎనిమిది.

నాలుగుకు ఇరవై సెకన్లుండగా నిత్యానందం గొంతు. "ఏడుగురికీ అందింది. ఏడుగురూ బయటపడ్డారు."

పలక మీద ఎనిమిదో వరుస కూడా ఉంది. జమాలుద్దీన్ దాన్ని బయటికి చదవలేదు. పెదవులు మాత్రం రెండుసార్లు కదిలాయి.

"అది..?"

"అది నాకు."

పలక మీద చేయి ఆనించి ఆయనే అడిగాడు. "నా బిడ్డకు మన్ను యాడ ఇచ్చినారు, ఏ కబరస్తాన్‌లో?"

"తెలీదు చాచా. కనుక్కుంటా."

"నా బిడ్డ చనిపోయిందని ఊళ్ళో చెప్పుకోవచ్చునా? లేచిపోలేదు, ఇట్ల పోయిందని?"

సుందరరాజు తల దించుకున్నాడు. "చెప్పగూడదు చాచా. ఎవురికీ."

ముసలాయన తలూపాడు. "సరేలే. లేచిపోయిన బిడ్డ అయితే ఎప్పుడో ఒకప్పుడు వస్తాదిలే అని ఓదారుస్తారు. చచ్చిపోయిందంటే ఆ మాట కూడా ఎవురూ అనరు."

రూల్ ప్రకారం పలకను స్వాధీనం చేసుకోవాలి. సుందరరాజు మేకు తీసుకుని ఏడో వరుస కింద అడ్డంగా గీత గీశాడు. బల్ల అంచున ఆనించి నొక్కితే పలక గీత వెంబడే విరిగింది. పై ముక్క సంచిలో వేసుకున్నాడు. కింది ముక్కను ముసలాయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అలవాటు చొప్పున చెవి దగ్గర పెట్టుకున్నాడు కానీ తట్టలేదు.

మరుసటి వారం హైదరాబాద్‌లో రిపోర్ట్ చదువుతూ నిత్యానందం తలెత్తాడు. "పలక కింది భాగం ఏమైంది?"

"విరిగిపోయింది సార్."

చీఫ్ పెన్ను మూత తీసి రిపోర్ట్ చివరి పేజీ తిప్పాడు. జులేఖా అనే ఉద్యోగి డిపార్ట్‌మెంట్‌లో ఎన్నడూ లేదు కాబట్టి, 'ఈ ఆపరేషన్‌లో మన వైపు నష్టం' అన్న గడిలో ఇలా రాసి సంతకం చేశాడు: పలక ఒకటి, పాక్షికంగా.