మబ్బురంగు చీర

ఆ ఆదివారం పొద్దున ఆండాలుకు ఉన్నదల్లా రెండే. ఒంటిమీద చిరుగుపట్టిన తెల్లచీర ఒకటి, రేపు సోమవారం చేరకపోతే చెల్లదని రాసిన నౌకరి కాగితం ఒకటి. నిన్నటిదాకా పెట్టెలో ఇంకో రెండు మంచి తెల్లచీరలు ఉండేవి. ఇప్పుడు పెట్టె ఖాళీ! కర్పూరం వాసన తప్ప ఏమీ లేదు... అత్త కృష్ణమ్మ కూడా ఇంట్లో లేదు!

భర్త బాలనర్సింహ పోయి ఎనిమిది నెలలు. అతను పనిచేసిన ఆఫీసులోనే ఆమెకు ఫైళ్లు అందించే పని ఇచ్చారు. కాగితం కోసం వెళ్లినరోజు ఆ తెల్లచీర కనబడగానే వరండాలో నవ్వులు ఆగిపోయాయి. బయటికి పోబోతున్న ఒకాయన వెనక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మరీ లేచాడు. "ఏం కట్టుకొని పోవాలె అత్తమ్మా? రోజూ గిట్లనే ఉంటదా?" అని నిన్న సాయంత్రం ఏడ్చింది ఆండాలు. కృష్ణమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఇరవై ఏళ్లుగా తెలుపు తప్ప తాకని మనిషి! కొడుకు పోయిన పదోనాడు కోడలి రంగుచీరలన్నీ తన చేతులతోనే చుట్టాలకు పంచిపెట్టిన మనిషి!

"మీ అత్త మూట సంకల పెట్టుకొని లాడ్ బజార్ దిక్కు పోయింది. ఏందే, మల్ల లొల్లా?" అంది ఎదురింటి కొమురమ్మ.

"నా నౌకరి ఆమెకు ఇష్టం లేదక్కా! కట్టుకునేందుకు లేకుంటే నేనెట్ల పోత?"

లాల్ దర్వాజ నుంచి ఏడుస్తూనే నడిచింది. గాజుల దుకాణాలు దాటి, రంగులు వేసే రంగ్రేజుల గల్లీలోకి తిరిగేసరికి ఆమె కాళ్లు ఆగిపోయాయి. గంగాళాల్లోంచి ఆవిరి లేస్తోంది. గల్లీ పొడవునా తడిబట్టలు గాలిలో తేలుతున్నాయి... గులాబీ, పసుపు, నీలం! ఎండే రంగు మారి ముఖాలమీద పడుతోంది. ఆ గల్లీలో చీరను తాడుమీద వేయరు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఆరేదాకా ఊపాలి. ఒక కొస ముసలి రంగ్రేజు చేతిలో ఉంది. రెండో కొస... కృష్ణమ్మ చేతిలో!

"జోర్ సే పకడో అమ్మా, గట్టిగ పట్టు! అది పతంగి కాదు, చీర!" అని నవ్వుతున్నాడతను. ఆండాలును చూసి, "నీ అత్తనా బేటీ? ఏ రంగు అంటె పేరు చెప్పలే. మీద ఆస్మాన్‌ల మబ్బు చూపించి నిలబడ్డది!" అన్నాడు.

"పేర్లు మర్చిపోయిన మరి," అంది కృష్ణమ్మ సిగ్గుగా. ఆమె వేళ్లు మబ్బురంగులో మునిగి ఉన్నాయి. "నీ చీరలు పంచిపెట్టిన చేతులు బిడ్డా ఇవి... వాటిని మల్ల తేలేను. గందుకే ఉన్నవాటినే రంగుల ముంచిన."

అప్పటికే ఆరి, మడతపెట్టిన చీరలు రెండు గట్టుమీద కనబడ్డాయి. "ఉన్నవి రెండే గదా అత్తమ్మా! ఈ మూడోది ఎక్కడిది?"

"నాది. నేను పోయిననాడు కప్పుమని దాచుకున్న. నాకేం తొందర? రేపు తెల్లారంగనే ఆఫీసుల ఉండాల్సింది నువ్వు!"

ఆండాలు ఆ తడిచీరలోనే ముఖం దాచుకుని బావురుమంది! "అరే, రంగు అంటుతది!" అని రంగ్రేజు మొత్తుకున్నా వినలేదు.

మర్నాడు ఆండాలు మబ్బురంగు చీర కట్టుకుని బయలుదేరింది. కృష్ణమ్మ అలవాటుగా వంటింట్లోకి తప్పుకుంది. ఎవరు పనిమీద బయటికి పోతున్నా ఆమె కనబడదు. విధవ ఎదురు మంచిది కాదని ఇరవై ఏళ్లుగా తనకు తానే వేసుకున్న శిక్ష అది.

"అత్తమ్మా! గల్లీ మూలకు పోయి నువ్వే నాకు ఎదురు రా."

"పిచ్చిదానా! మొదటిరోజు..."

"నువ్వు రాకుంటే నేను పోను!"

కృష్ణమ్మ వెళ్లింది. మూలనుంచి తిరిగి నడిచి వచ్చింది... తల వంచుకుని, కన్నీళ్లు తుడుచుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ. కొమురమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

మొత్తం చూస్తే ఆ రెండురోజుల్లో ఆండాలుకు దక్కింది ఒక నౌకరి, మూడు చీరలు. కృష్ణమ్మకు దక్కిందే ఎక్కువ. ఆనాటి నుంచి ఆమె రోజూ పట్టపగలు వీధిలో నిలబడి కోడల్ని సాగనంపేది.