కొమ్మనాయకుడు నోరు విప్పని పూట

మేడిగల్లు దుర్గాన్ని శత్రుసేనలు చుట్టుముట్టి మూడు మాసాలు దాటింది. కోట కింద కనుచూపుమేర డేరాలు, ఏనుగుల ఘీంకారాలు, వంటపొగలు. కోట లోపల అడుగంటుతున్న గాదెలు, రెప్ప వాల్చని విలుకాండ్రు, వారి నడుమ దిగులును ముఖాన కనబడనీయక కొలువుతీరే జగద్దేవ భూపతి. అంతటి ఘోరసమయాన, ముప్పయ్యేళ్ళు సేనాపతిగా వెలిగి, పద్దెనిమిది యుద్ధాల గాయాలను ఒంటిమీద మోస్తున్న కొమ్మనాయకుడు దేన్ని తలచుకుని కుమిలిపోతున్నాడనుకున్నారు? శత్రువును కాదు. ఒక తాంబూలపు చిలకను!

అది ఆ రాజ్యపు ఆచారం. యుద్ధభారం ఎవరికి అప్పగిస్తే వారికి రాజు స్వహస్తంతో వీరతాంబూలం ఇస్తాడు. ముప్పయ్యేళ్ళూ అది కొమ్మనాయకుడి నోటనే పండింది. శత్రువులు గోడ కింద సొరంగం తవ్వుతున్నారని వేగులు చెప్పిన మరునాడు, రాజు దాన్ని ఎర్రపోతు చేతిలో పెట్టాడు. ఎవడీ ఎర్రపోతు? బావులు తవ్వే ఒడ్డెవారి బిడ్డ. నిండా పాతికేళ్ళు లేవు. మన్ను వాసన చూసి లోతు చెబుతాడట! ఆ మాట చెవిన పడితే చాలు, కొమ్మనాయకుడికి ఒళ్ళు భగ్గుమనేది.

తాంబూలం అందుకున్న నాలుగోనాటి ఉదయం ఎర్రపోతు గోడ పొడవునా నేలమీద నగారాలు పెట్టించి, వాటి తోలుమీద చారెడేసి ఆవాలు పోయించాడు. కింద గునపం పడితే పైన ఆవాలు చిందుతాయి. ఉత్తరపు బురుజు దగ్గర అవి ఎగిరెగిరి పడ్డాయి. "ఇక్కడే! ఎదురు సొరంగం తవ్వి లోపలే పట్టుకుందాం" అంటూ అతడు తానే పార అందుకున్నాడు.

అక్కడ కాదని కొమ్మనాయకుడికి తెలుసు. ఆయన పడుచుతనంలో తూర్పుగోడ కిందనుంచి ఉత్తరపు బురుజు దాకా ఒక రాతి తూము ఉండేది. నీళ్ళెండిపోయాక దాని రెండు చివరలూ మూసి పైన మన్ను కప్పేశారు. శత్రువులు తవ్వేది తూర్పున. అక్కడి ఇసుకనేల అదురును మింగేస్తుంటే, డొల్ల తూము దాన్ని ఉత్తరానికి మోసుకొస్తోంది. ఆ తూమును ఎరిగినవారిలో ఆయనొక్కడే మిగిలాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో మహామాత్యుడు మారయ పక్కకు చేరాడు. "సేనానీ, అడగనివారికి తమరెందుకు చెప్పాలి? తవ్వుకోనీయండి. వాడు చేతులెత్తేసిన నాడు ప్రభువే తమ గుమ్మం తొక్కుతారు. ఊరకుండటం ద్రోహం కాదు కదా!" అన్నాడు మెల్లగా. కోట పడితే దీనికి నిన్నే రాజును చేస్తానని శత్రురాజు మారయకు మాట ఇచ్చాడని పాపం కొమ్మనాయకుడికేం తెలుసు? ఆ పలుకులు ఆయన చెవికి తేనెలా తగిలాయి. నోరు మూసుకున్నాడు.

మూసుకుని ఏం సుఖపడ్డాడు? తన వెంట పద్దెనిమిది యుద్ధాలు నడిచిన భటులే ఆ కుర్రవాడికి తట్టలు మోస్తూ, వాడి పరాచికాలకు పకపకా నవ్వుతుంటే, ఆయన గుండెలో ఎవరో కారం రాసినట్టయింది.

మధ్యాహ్నానికి ఎర్రపోతు ఒళ్ళంతా మన్నుతో వచ్చి, ఆయన ఎదుట నేలమీద కూర్చున్నాడు.

"నాయకా, ఆవాలు ఇక్కడంటున్నాయి, మన్ను కాదంటోంది. నాకు మన్ను తెలుసు గాని ఈ కోట తెలియదు. మొదటే మిమ్మల్ని అడగవలసింది. ఎందుకడగలేదో దాచను. మీరంటే నాకు కడుపుమంట."

కొమ్మనాయకుడు ఉలిక్కిపడ్డాడు. "నేనంటేనా? నీకా?"

"మీరంటేనే. నేను ఆజ్ఞ ఇస్తే భటులు విని, తరువాత మీ ముఖం చూస్తారు. మీరు కాదనరని తెలిస్తేనే కదులుతారు. ఆ గౌరవం నాకెన్నటికి దక్కుతుంది? మీ గాయాల్లో ఒక్కటైనా నా ఒంటిమీద ఉంటే బాగుండునని రోజూ ఏడుస్తాను."

నాలుగు రోజులుగా తనను తినేస్తున్న పురుగే ఈ పిల్లవాణ్ణీ తినేస్తోందా! ముసలాయనకు నవ్వొచ్చింది, కళ్ళు చెమ్మగిల్లాయి. "ఓరి వెర్రివాడా! నీ మోకాళ్ళు నాకిస్తే ఈ గాయాలన్నీ నీ ముఖాన కొట్టేవాణ్ణి కదరా!" అన్నాడు. ఆపైన తూము సంగతంతా నేలమీద గీసి చూపించాడు. "పొద్దున్నే తెలుసు నాకు. మారయ చెప్పొద్దన్నాడు. నేను సంతోషంగా విన్నాను."

ఎర్రపోతు ముఖం నల్లబడింది. పార అందుకుని లేచాడు. "ఆ తీర్పు తరువాత, నాయకా. ముందు చోటు చూపించండి."

రాజుకు కబురు వెళ్ళింది. తూర్పున గునపాలు పడటం చూసి, మేడపైనుంచి శత్రువులకు ఎర్రగుడ్డ ఊపబోయిన మారయను భటులు అక్కడికక్కడే పట్టి కట్టేశారు. కాని పూట వృథా అయింది. ఎదురు సొరంగపు పైకప్పుకు దూలాలు చెక్కించే వ్యవధి లేదు. దొరికిన దుంగలతోనే నెట్టుకొచ్చి, పొద్దు వాలేవేళకు శత్రువుల సొరంగంలోకి గండి కొట్టారు. అప్పటికే అక్కడ, నిప్పంటించి గోడను కూల్చడానికి, నూనెలో తడిపిన కట్టెలు గోడ కింద పేర్చివున్నాయి. ఎర్రపోతు ఇరవైమందితో లోపలికి దూకి, కాగడా పట్టినవాణ్ణి పడగొట్టి, వారి దూలాలను లాగించేశాడు. శత్రువుల సొరంగం గోడకు ఆవలనే కూలిపోయింది.

ఆ అదురుకు వీరి సొరంగమూ బీటలిచ్చింది. నడిమి దుంగ ఫెళ్ళున విరగబోతుంటే, ఎవరూ పిలవకుండానే వెనక వచ్చిన కొమ్మనాయకుడు దానికింద భుజం ఆనించాడు. భటులు ఒక్కొక్కరే ఆయన పక్కనుంచి పాకి బయటపడ్డారు. ఎర్రపోతు మాత్రం కదల్లేదు.

"సేనాపతిని నేను, నాయకా! తప్పుకోండి, నేను పడతాను. ఇది ఆజ్ఞ!"

"పొద్దున నేను నోరు విప్పివుంటే దీనికి దూలాలు పడేవి. ఈ బరువు నాదిరా."

అయినా అతడు కదల్లేదు. అప్పుడొచ్చింది ముసలాయనకు అసలైన కోపం. "సేన నీది, జయం నీది, రేపటి పొగడ్తలన్నీ నీవే. ఈ చావు కూడా నీకే కావాలా? ఇదొక్కటీ నాకు వదిలెయ్, పో!"

ఎర్రపోతు ఆ పాదాలు తాకి బయటకు పాకాడు. అతడు వెలుగులోకి రాగానే వెనక నేల కుంగిపోయింది.

కోట నిలిచింది. రాజు సన్మానానికి ముమ్మారు పిలిపించినా ఎర్రపోతు వెళ్ళలేదు. గోళ్ళు ఊడిపోతున్నా లెక్కచేయక, రెండు చేతులతో ఆ మన్ను తోడుతూనే ఉన్నాడు.