తిరగబడ్డ పేరు

పాత టంకశాల సందులో రాత్రిపూట ఎవరైనా ఏదైనా చదివి పెట్టమంటే చదవకూడదని మా ఊళ్లో అందరికీ తెలుసు.

ఒకప్పుడు అక్కడ నాణేలు ముద్రించేవాళ్లట. కొత్తగా గద్దెనెక్కిన రాజు తన బొమ్మతో, పేరుతో బంగారు నాణెం వేయించాడు. అచ్చు మీద పేరు తిరగేసి చెక్కితేనే నాణెం మీద తిన్నగా పడుతుంది. చెక్కేవాడు ఆ ఒక్కసారి పొరపాటున తిన్నగా చెక్కాడు... నాణెం మీద రాజు పేరు తిరగబడింది. రాజు వాడి కుడి బొటనవేలు నరికించాడు. తెల్లారేసరికి వాడు టంకశాల గుమ్మంలోనే చచ్చిపడున్నాడు.

మా మేనమామ రబ్బరు స్టాంపులు చేత్తో చెక్కేవాడు. పొద్దస్తమానం తిరగేసిన అక్షరాలే. అత్తయ్య తిట్లు కూడా తిరగేసి వింటాడని మేం ఏడిపించేవాళ్లం. ఇల్లంతా ఆయన కుడి బొటనవేలి మీదే నడిచేది. దాని మీద ఎంత తోమినా పోని నీలి ఇంకు మరక ఒకటి.

ఓ రాత్రి వాన ముంచుకొస్తోందని ఆ సందులోంచి అడ్డదారిన పడ్డాడు.

గుమ్మంలోంచి ఒక చెయ్యి... అరచేతిలో బంగారు నాణెం.

"బాబూ... కాస్త చదివి పెట్టు. పేరు తిన్నగా ఉందా?"

మామయ్య టార్చి వేశాడు. రాజు ముఖం, చుట్టూ అక్షరాలు. అలవాటైన కన్ను గడగడా చదివేసింది.

"తిన్నగానే ఉంది కదయ్యా!"

అప్పుడు చూశాడు — ఆ చేతికి నాలుగే వేళ్లు.

"ఇన్నాళ్లకు ఒక్కడన్నాడు..." గొంతు వెక్కింది. "ప్రభూ, విన్నారా?"

లోపలి చీకట్లో ఎవరో బరువుగా లేచారు.

"అబద్ధపు సాక్ష్యానికీ అదే శిక్ష."

మామయ్య కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఇంటికొచ్చి చూసుకుంటే బొటనవేలు ఉంది. హమ్మయ్య అనుకున్నాడు పాపం. తెల్లారేసరికి అది చచ్చుబడి, పాలిపోయి ఉంది. నీలి మరక లేదు. మళ్లీ ఉలి పట్టలేదాయన.

ఇప్పుడు మామయ్య స్టాంపుల దుకాణం నాది. తిరగేసిన అక్షరాలు నాకూ అలవాటైపోయాయి. అందుకే ఆ సందు ఛాయలకు వెళ్లను.

నిన్న రాత్రి షట్టర్ సగం దించాను. కింది నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది... నాణెం పట్టుకుని.

"బాబూ... కాస్త చదివి పెట్టు."

అయిదు వేళ్లూ ఉన్నాయి. బొటనవేలి మీద నీలి మరక.